ప్యాకెట్ ట్రేసర్: అసలు సరుకంతా సిమ్యులేషన్ మోడ్‌లోనే

సిస్కో నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్ సీసీఎన్ఏకి అమీర్‌పేటలో కోచింగ్ తీసుకున్నా, ఇంట్లో వీడియోలు చూసి నేర్చుకున్నా, కంప్యూటర్‌లోనే ఉత్తుత్తి నెట్‌వర్క్ కట్టి నడిపి చూసే సాఫ్ట్‌వేర్ సిస్కో ప్యాకెట్ ట్రేసర్ మాత్రం వేసుకుని తీరాలి. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో అకౌంట్ తెరిస్తే ఉచితం. రూటర్లు, స్విచ్‌లు కొనే పని లేదు.

చాలామంది దీన్ని అన్నీ మామూలు వేగంతో జరిగిపోయే రియల్‌టైమ్ మోడ్‌లోనే వాడి, పింగ్ (అవతలి మెషీన్ అందుతోందా అని పంపే పరీక్ష) వెళ్లిందంటే చాలని మూసేస్తారు. అలా వాడితే నేర్చుకునేది తక్కువ. కింద కుడి మూలన ప్యాకెట్‌ని ఒక్కో అడుగూ చూపించే సిమ్యులేషన్ మోడ్ ఉంటుంది, అది తెరవండి. ఇలా కట్టండి: ఒక 2911 రూటర్, దానికి అటొకటి ఇటొకటి 2960 స్విచ్‌లు, ఒక్కో స్విచ్‌కి ఒక పీసీ. నెట్‌వర్క్ అడ్రస్ ఒకవైపు 192.168.10.0, ఇంకోవైపు 192.168.20.0, రెండూ స్లాష్ 24 (సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0). ఫిల్టర్లలో ఏఆర్‌పీ (ఐపీకి మ్యాక్ అడ్రస్ ఏదో అడిగేది), ఐసీఎంపీ (పింగ్ వాడేది) మాత్రం ఉంచి ఈ పీసీ నుంచి ఆ పీసీకి పింగ్ కొట్టండి. మొదటి పింగ్ ఫెయిల్ అవుతుంది. ఎందుకో స్క్రీన్ మీదే కనిపిస్తుంది: అవతలి పీసీ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు సొంత అడ్రస్) రూటర్‌కి ఇంకా తెలియదు, అందుకే ఆ ప్యాకెట్‌ని పారేసి ముందు ఏఆర్‌పీ అడుగుతుంది. రెండో పింగ్ రూటర్ దగ్గరికి వచ్చాక కవరు బొమ్మ మీద క్లిక్ చేసి, లోపలికి వచ్చిన పీడీయూనీ (అంటే ఆ ప్యాకెట్‌నే) బయటికి వెళ్లేదాన్నీ పోల్చి చూడండి. మ్యాక్ అడ్రస్‌లు రెండూ మారిపోతాయి, ఐపీలు అలాగే ఉంటాయి, టీటీఎల్ (ప్యాకెట్ ఇంకా ఎన్ని రూటర్లు దాటొచ్చో చెప్పే అంకె) ఒకటి తగ్గుతుంది. ఇది కళ్లారా చూసినవాళ్లకి రూటింగ్ బట్టీ పట్టే అవసరం రాదు.

రూటర్ పోర్టు లైటు ఎర్రగానే ఉంటే పోర్టుని ఆన్ చేసే నో షట్‌డౌన్ కమాండ్ ఇవ్వలేదన్నమాట. స్విచ్ వైపు నారింజ రంగుంటే కంగారు పడొద్దు: నెట్‌వర్క్‌లో లూప్ పడకుండా చూసే స్పానింగ్ ట్రీకి లిజనింగ్ 15 సెకన్లు, లెర్నింగ్ 15 సెకన్లు పడుతుంది. అన్నీ పచ్చగా ఉండి కూడా పింగ్ వెళ్లకపోతే ముందు పీసీలో డిఫాల్ట్ గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కి దారైన రూటర్ అడ్రస్) చూడండి, చాలాసార్లు అదే ఖాళీగా ఉంటుంది.

ప్యాకెట్ ట్రేసర్ లోపల నడిచేది అసలు ఐఓఎస్ (సిస్కో పరికరాల ఆపరేటింగ్ సిస్టమ్) కాదు, దాన్ని అనుకరించే ప్రోగ్రాం. సరిగ్గా కొట్టిన కమాండ్‌కి కూడా ఒక్కోసారి ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్ అంటుంది. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాతదానిలో తెరుచుకోదు కాబట్టి బ్యాచ్ అంతా ఒకే వెర్షన్ వేసుకోవడం మంచిది.

నిజమైన ట్రాఫిక్ కోసం, మీ కంప్యూటర్ ప్యాకెట్లని పట్టి చూపించే వైర్‌షార్క్ తోడు పెట్టుకోండి, అదీ ఉచితమే. ఫిల్టర్‌లో డీఎన్ఎస్ (సైట్ పేరుకి ఐపీ వెతికేది) అని కొట్టి, కమాండ్ ప్రాంప్ట్‌లో ఏదైనా సైట్ పేరుతో ఎన్ఎస్‌లుకప్ కమాండ్ నడపండి. బ్రౌజర్‌తో చూద్దామంటే దాన్లో సెక్యూర్ డీఎన్ఎస్ (ఎన్‌క్రిప్ట్ చేసి అడిగే పద్ధతి) ఆన్‌లో ఉన్నప్పుడు బ్రౌజర్ వెతికే పేర్లు ఆ ఫిల్టర్‌కి చిక్కవు.