చెరువు అడుగుకి ఏ చేప మేలు: మోసా, బంగారుతీగా?

ఆకివీడు, ఉండి, భీమవరం వైపు చేపల చెరువుల వాళ్ళని ఏం వేశారని అడిగితే శీలావతి, బొచ్చె అనే అంటారు. బొచ్చె పైనీళ్ళలో మేస్తుంది, శీలావతి నడిమి నీళ్ళలో. మరి అడుగు సంగతి? మేతకని నీళ్ళలో కట్టే చిల్లుల తవుడు సంచుల్లోంచి జారింది, రెట్ట, కుళ్ళిన నాచు, అన్నీ దిగేది అక్కడికే. ఆ తిండి వృథా పోకూడదనుకుంటే చేతికందేవి రెండు చేపలు: ఎర్రమోసు (మృగాల్, వాడుకలో మోసు), బంగారుతీగ (కామన్ కార్ప్).

రెండిటి మూతులూ పక్కపక్కన పెట్టి చూస్తే సగం విషయం తెలిసిపోతుంది. మోసుది మొద్దు మూతి, నోరు కాస్త కిందికి తిరిగి ఉంటుంది, మీసాలు వెతికితే గాని కనపడవు. బంగారుతీగకి రెండు జతల మీసాలు, నోరు గొట్టంలా ముందుకి సాగుతుంది. ఆ గొట్టం బురదలో దించి ఒక్క గుక్క పీల్చి, పురుగో నత్తో ఉంటే ఉంచుకుని, మట్టి ఊసేస్తుంది. నత్త గుల్లని గొంతులోని పళ్ళతో నలిపేస్తుంది. మోసు అంత లోతుకి పోదు, బురద పైపొరా కుళ్ళాకూ నాకుతూ తిరుగుతుంది. రెండిటికీ జీర్ణాశయం లేదు, ఉన్నదంతా పేగే. మోసు పేగు ఒంటికి ఎన్నో రెట్లు పొడుగు. అంత నాసిరకం తిండి అరగాలంటే అది ఉండాల్సిందే మరి.

బంగారుతీగతో పేచీ ఆ తవ్వుడు దగ్గరే. మన నల్లమట్టి గట్లు వానాకాలం అసలే జారుతుంటాయి, ఇది గట్టు మొదట్లో మూతి పెట్టిందంటే చెప్పక్కర్లేదు. నీళ్ళు ఎప్పుడూ మట్టిరంగులో ఉండి ఎండ లోపలికి దిగదు. అడుగున పేరుకున్న ఎరువుని పైకి లేపుతుంది కదా అంటారు కొందరు. నిజమే, పల్చగా వేసినంతవరకు.

దానికి మించిన తలనొప్పి పిల్లలు. మోసు చెరువులో గుడ్డు పెట్టదు. ఎర్రనీళ్ళు తిరిగిన గోదారిలా పారే వరద కావాలి దానికి, లేదా హేచరీలో, అంటే పిల్లల్ని పుట్టించే కేంద్రంలో, సూది. 1957లో చేపల శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి ఒడిశాలో పిట్యూటరీ (చేప మెదడు కిందుండే గ్రంథి) రసం సూదితో మన చేపల చేత గుడ్లు పెట్టించేదాకా నదిలో పట్టిన పిల్లే దిక్కు. విచిత్రంగా బ్యాంకాక్ రకం బంగారుతీగ కటక్ చేరిందీ ఆ ఏడాదే. దీనికి సూదితో పని లేదు. మన వేడికి ఏడాది నిండకుండానే ఈడుకొచ్చి, గుర్రపుడెక్క వేళ్ళకి జిగురు గుడ్లు అంటించేస్తుంది. రెండు మూడు రోజుల్లో పిల్ల దిగుతుంది. ఆపైన మీరు లెక్కపెట్టి వేయని చేపకి కూడా మేత పోయాలి. తల్లి చేప తిన్నదీ ఒంటికి పట్టదు, గుడ్డుకి పోతుంది.

ఎదుగుదలలో మాత్రం బంగారుతీగదే పైచెయ్యి. ఏడాదికి మోసు 600-700 గ్రాములు తూగితే గొప్ప, ఇది కిలో దాటేస్తుంది. పట్టుబడిలో రెండూ మొండిఘటాలే. లాగుడు వల వస్తుంటే వల అడుగున ఉండే తాడు కిందనుంచి దూరిపోతాయి, నీళ్ళు తోడితే గాని మొత్తం చేతికి రావు. పెద్ద చెరువుల వాళ్ళు మోసుని పక్కనపెట్టడానికి ఇదో కారణం, బజారులో శీలావతికున్న గిరాకీ దానికి లేకపోవడం ఇంకోటి.

నన్నడిగితే, ఏటా నీళ్ళు తోడేసే చిన్న గుంటకి, గట్టుకి రాయి పరిచి ఉంటే, బంగారుతీగే. ఈడుకొచ్చినా పిల్ల పేరుకుపోకముందే పట్టేయొచ్చు. వరదొస్తే పొర్లే చెరువులో, కాలువ పక్కన గండి పడే చోట అది వద్దు, బయటికి పోయిందంటే మళ్ళీ పట్టలేం. మిగతా అన్నిచోట్లా మోసు. పాత లెక్కల్లో అడుగు చేప నూటికి 30 దాకా ఉండేది. తవుడు సంచులు కట్టే చెరువుకి నేనైతే 10 దాటను. అంతకుమించితే అడుగు తిండి చాలక మోసు కూడా సంచి దగ్గరికే చేరి శీలావతితో పోటీ పడుతుంది.