తాతయ్య బైబిలుకు కొత్త అట్ట: ఒంగోలు బైండింగ్ షాపుకు 5కి 3.5

ఈ షాపుకు పేరంటూ లేదు. రేకు బోర్డు మీద ఎర్ర రంగుతో 'బైండింగ్' అని మాత్రం ఉంటుంది. ఓ పెద్దాయన, ఆయన కొడుకు, ఒక పాత కట్టింగ్ మిషను. ఎక్కువగా ఆఫీసు రిజిస్టర్లు కుడతారు. నేను తీసుకెళ్లింది మా తాతయ్య పరిశుద్ధ గ్రంథం. పెళ్లయిన ఏడాది, 1968లో కొన్నది. వెన్ను విరిగి, ఆదికాండం మొదటి పేజీలు ఊడిపోయి, పురికొసతో కట్టి ఉంది.

ముందు మంచి చెప్తాను. పెద్దాయన దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. ఆయన క్రైస్తవుడేం కాదు, చెప్పులు మాత్రం పక్కన విడిచాడు. ఫారాలన్నీ, అంటే మడత పెట్టిన పేజీల కట్టలన్నీ, విడదీసి మళ్లీ దారంతో కుట్టాడు. మామూలుగా ఇప్పుడు వెన్నుకు జిగురు రాసి అతికించేస్తారు, అలాగైతే బైబిలంత లావు పుస్తకం ఏడాది కూడా ఆగదు. జిగురు మైదా ఉడికించి చేసుకున్నదే, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం వేస్తారట. పోయిన పేజీలకు నేను జిరాక్సులు ఇస్తే, సైజుకు కోసి కుట్టులో కలిపాడు. పైన నల్ల రెక్సిన్. మొత్తం 650 రూపాయలు. నాలుగు రోజులన్నది తొమ్మిదయింది, అది పెద్ద విషయం కాదు.

స్టార్లు ఎక్కడ పోయాయంటే, కుట్టాక అంచులు సమానంగా ఉండాలని కొడుకు మిషను మీద మూడు వైపులా కొట్టేశాడు. తాతయ్య రాతలన్నీ ఆ అంచుల్లోనే ఉన్నాయి.

మా ఊరు గుండ్లకమ్మ ఒడ్డున. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర హయాంలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న ఏరు అదే. మా పూర్వీకుడొకాయన వాళ్లలో ఉన్నాడని తాతయ్య అంటాడు. అంతకుముందు కరువులో కాలువ తవ్వకం పని ఇప్పించినన్నాళ్లూ దొర ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదని, కూటి కోసం వచ్చారనే మాట పడకూడదనుకున్నాడని కూడా చెప్తాడు. ఈ రెండో సంగతి చెప్పేటప్పుడే ఆయన గొంతు కాస్త పెరుగుతుంది.

తాతయ్య నాకు ఎప్పుడూ ప్రసంగం చేయలేదు. తెల్లవారుజామున నాలుగున్నరకు పైకి చదివేవాడు, నేను చాప మీద సగం నిద్రలో వినేదాన్ని. నాయనమ్మ బడికి వెళ్లలేదు. కానీ ఆయన ఒక మాట దాటేస్తే 'అట్ట కాదయ్యా' అని సరిచేసేది. హైదరాబాదులో ఉద్యోగం వచ్చాక నేను చర్చికి వెళ్లింది తక్కువ. అయినా టెన్షన్‌లో ఉన్నప్పుడు నాకు వినపడేది ఆయన చదివే ఆ బొంగురు గొంతే.

హబక్కూకు మూడో అధ్యాయంలో, పొలంలో ఏమీ పండకపోయినా దేవునిలో ఆనందిస్తాననే చోట, పెన్సిలుతో 'పొగాకు పోయింది, బ్యారన్ కాలింది, అప్పు 11 వేలు' అని ఉండేది. బ్యారన్ అంటే పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టం. పక్కనే సంవత్సరం. ఇప్పుడు 'పోయింది, కాలింది' వరకే మిగిలింది.

మొన్న ఆదివారం బైబిలు తీసుకెళ్లాను. తాతయ్యకు 86, అక్షరాలు ఆనవు. వేలితో అంచు తడిమి, 'నున్నగా చేశాడే' అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. విషయం చెప్తే నవ్వి, 'క్షవరం కొట్టుకు పోతే గోరు కూడా కత్తిరించాడన్నట్టుంది నీ బాధ' అని, ముందు పెట్టిన తెల్ల కాగితాల మీద మళ్లీ రాయమన్నాడు. అవి పెద్దాయన అడక్కుండానే నాలుగు వేశాడు, దానికి ఒక అర స్టారు కలిపాను.

మీరు వెళ్తే, ఇచ్చేటప్పుడే 'అంచు కొట్టొద్దు' అని చీటీ రాసి లోపల పెట్టండి. నోటితో చెప్తే కొడుకుదాకా వెళ్లదు.

బ్యారన్ కాలిన ఏడు ఏదని అడిగితే తాతయ్య 72 అన్నాడు. వంటింట్లోంచి నాయనమ్మ, 'మీ నాన్న కడుపులో ఉన్న ఏడు, 74' అంది. నేను 74 అని రాశాను. తాతయ్య ఇంకా ఒప్పుకోలేదు.