నిశ్శబ్ద గదిలో చేతులు ఊపాల్సి వచ్చింది: ఒక కోవర్కింగ్ ఆఫీసు సమీక్ష

ఆటిజం, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలపడం కష్టమయ్యే స్థితి), డిస్లెక్సియా (అక్షరాలు చదవడంలో ఇబ్బంది) ఉన్నవారికి అనువుగా తీర్చిదిద్దామని చెప్పుకునే కోవర్కింగ్ ఆఫీసు (వేర్వేరు చోట్ల పనిచేసేవారికి సీట్లు అద్దెకిచ్చేది) ఒకటి మాదాపూర్‌లో ఉందని తెలిసి, నెలకు 9,500 రూపాయలు కట్టి మూడు నెలలు అక్కడ పనిచేశాను. నాకు ఆటిజం ఉన్నట్టు ముప్పై నాలుగో ఏట తేలింది. నేను చేసేది పద్దుల తనిఖీ. అంకెల మధ్యలో ఎవరి మాటైనా చెవిన పడితే ఆ పేజీ మళ్లీ మొదటినుంచి చూసుకోవలసిందే. కనుక ఈ సమీక్షలో కుర్చీలకంటే చెవికే ఎక్కువ చోటు దక్కుతుంది.

ముందుగా చెప్పుకోవలసింది సీటు గురించి. తూర్పు గోడ వెంబడి ఉన్న వరుసలో గోడ వీపు వెనకే ఉంటుంది కాబట్టి, వెనకనుంచి ఎవరు వస్తున్నారో అని సగం ధ్యాస అటే పోయే బాధ తప్పింది. సీటు రోజూ మారదు. నా దీపం, నా సొరుగు నిన్న ఎక్కడ ఉన్నాయో నేడూ అక్కడే ఉంటాయి. ఉదయం పది నుంచి ఒంటిగంట వరకు ఆ వరుసలో ఫోన్ మాట్లాడకూడదన్న నియమాన్ని సిబ్బంది నిజంగానే అమలు చేశారు. మనిషిని పనిలోంచి లాగేసేది మోత కాదు, అర్థమయ్యే మాట. ఓపెన్ ఆఫీసుల శబ్దాన్ని కొలిచే ఐఎస్ఓ 3382-3 ప్రమాణం కూడా, పక్కవారి మాట ఎంత దూరం వెళ్లేసరికి మన ధ్యాసను చెదరగొట్టలేనంత అస్పష్టమవుతుందో లెక్కగడుతుంది. అందుకే ఇక్కడి ఏసీ మోత నాకు మేలే చేసింది, పక్క వరుసలోని ఒక్క గుసగుస మాత్రం గంట పనిని పాడుచేసింది.

దీపాల విషయంలో సగమే శ్రద్ధ పెట్టారు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పాత చోక్ ఉన్న ట్యూబులైట్లు, నాసిరకం డ్రైవర్ (దీపానికి కరెంటును సర్ది ఇచ్చే భాగం) ఉన్న ఎల్ఈడీలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. చాలామందికి అది తెలియదు, కొందరికి మాత్రం మధ్యాహ్నానికల్లా తలనొప్పి తెస్తుంది. నా సీటు పైనున్న దీపానికి ఫోన్ కెమెరా పెట్టి చూస్తే తెర శుభ్రంగా కనిపించింది. పాంట్రీకి వెళ్లే దారిలో అదే కెమెరా పెడితే తెరమీద నల్లని చారలు బారులు తీరి కదిలాయి, అంటే ఆ దీపం మినుకుతోందన్నమాట.

ఇక నిశ్శబ్ద గది. బ్రోషర్ మొదటి పేజీ ఫొటో దీనిదే, నాకు అన్నిటికంటే పనికిరానిదీ ఇదే. మూడు వైపులా అద్దాలు కావడంతో లోపల కళ్లు మూసుకున్నవాణ్ణి హాలంతా చూస్తుంది. దీపానికి మోషన్ సెన్సర్ పెట్టారు: కదలకుండా కూర్చుంటే కొన్ని నిమిషాలకు గది చీకటైపోతుంది, మళ్లీ వెలగాలంటే చేతులు ఊపాలి. కదలకుండా కూర్చోవడానికే కదా ఆ గది! దానికి తోడు మూలనున్న యంత్రం ఉన్నట్టుండి బుస్సుమని మల్లె వాసన చిమ్ముతుంది. దాన్ని తీసేయమని మేనేజరుగారిని అడిగితే, "అందరికీ ఫ్రెష్‌గా ఉంటుందనే పెట్టాం సార్" అన్నారు. ఆయనది చెడు ఉద్దేశం కాదు. స్విచ్ మా చేతికి ఇస్తే సరిపోతుందన్న ఆలోచనే ఎవరికీ తట్టలేదు. బ్రిటిష్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ 2022లో వెలువరించిన పీఏఎస్ 6463ను (ఆటిజం, ఏడీహెచ్‌డీ వంటివి ఉన్నవారికి భవనాలు అనువుగా ఎలా ఉండాలో చెప్పే మార్గదర్శిని) అనుసరించామని బ్రోషర్‌లో రాసుకున్నారు గాని, అందులో వాసనల ప్రస్తావన కూడా ఉందన్నది గమనించినట్టు లేదు.

మీటింగు గదులకు కృష్ణ, గోదావరి, తుంగభద్ర అని పేర్లు పెట్టి, తలుపులన్నీ ఒకే బూడిదరంగులో ఉంచారు. డిస్లెక్సియా ఉన్న నా స్నేహితురాలు మొదటి రోజే తప్పు గదిలోకి వెళ్లి ఎవరిదో ఇంటర్వ్యూ మధ్యలో నిలబడింది. తలుపుకో రంగు వేస్తే ఎంత ఖర్చవుతుంది?

ఒక్క విషయంలో వీరిని మనసారా మెచ్చుకుంటాను: గోడవైపు సీటు కావాలంటే సర్టిఫికెట్ అడగరు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం, డిస్లెక్సియా వంటి అభ్యసన ఇబ్బందులు ఉన్నాయి. ఏడీహెచ్‌డీకి మాత్రం విడిగా పేరు లేదు. కాగితం చూపిస్తేనే సీటు అనే చోట అలాంటివారు గుమ్మంలోనే ఆగిపోతారు.

నాలుగో నెలకు గోడవైపు సీటు మాత్రమే ఉంచుకుని, నిశ్శబ్ద గది ఉన్న ప్యాకేజీ వదులుకున్నాను. మీరు చూడదలిస్తే శనివారం వెళ్లకండి, ఆరోజు ఏ ఆఫీసైనా ప్రశాంతంగానే ఉంటుంది. మంగళవారం పదకొండింటికి వెళ్లి, ఆ తూర్పు వరుసలో ఓ గంట మీ సొంత పనే చేసి చూడండి.