పడవకు ఏది మేలు: ఏలూరు కాలువా, ఉప్పుటేరా?

గోదావరి పశ్చిమ డెల్టాలో పడవలు మళ్లీ నడవాలంటే ఏ దారి పట్టాలి? విజ్జేశ్వరం దగ్గర మొదలై నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరే కాలువ ఒకటి. కొల్లేటి నీటిని ఆకివీడు పక్కగా సముద్రానికి చేర్చే ఉప్పుటేరు రెండోది. నా ఓటు కాలువకే, కానీ ఉప్పుటేరంటే నాకు ప్రాణం.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట ముగించిన కాటన్, కాలువలను సేద్యంతోపాటు పడవలకూ పనికొచ్చేలా ఆలోచించాడు. అందుకే లాకులు. పల్లానికి దిగే పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూస్తారు. తూము ఎత్తితే నీరు సుడి తిరుగుతూ జారిపోతుంది. ఇందాక చేతికందిన గోడ మీది పాచి గీత చూస్తుండగానే తల కన్నా పైకి వెళ్తుంది. రెండు వైపులా మట్టం సమానమయ్యాక ముందు తలుపులు తెరుచుకుంటాయి. ఎంత నీరు కావాలో మనిషి చేతిలో ఉంది. వేసవిలో మరమ్మతులకు కాలువ కట్టేసే రోజులు మాత్రం పడవకు సెలవే.

ఉప్పుటేరు అలా కాదు. బుడమేరు, తమ్మిలేరు కొల్లేటిని నింపితే, ఆ నీరు బయటపడే దారి ఇదొక్కటే. సుమారు 60 కిలోమీటర్లు. వానల్లో వరద తోసుకొస్తుంది, వేసవిలో పోటు వేళ ఉప్పునీరు ఎదురెక్కుతుంది. పడవ నీటి కోసం కాచుకోవాలి. ఇక కొల్లేటి లోపల గట్టే కనపడదు. కిక్కిస, గుర్రపుడెక్క మధ్య నీరు తగ్గిన చోట తాటి దోనె తప్ప మరేదీ కదలదు. చేపల చెరువుల గట్లు ఆ దారిని ఇంకా ఇరుకు చేశాయి. 2006లో ఆ గట్లలో చాలావాటిని పగలగొట్టారు కూడా.

లాంచీల కోసం ఉప్పుటేటిని లోతు చేద్దామంటారు కొందరు. నేను ఒప్పుకోను. పడవ కోసం తవ్విన లోతులోంచే పోటు ఇంకా లోపలికి వస్తుంది. 2002 నుంచి రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల పట్టికలో, ఉన్న మంచినీటి సరస్సు కొల్లేరు ఉప్పు తాగవలసి వస్తుంది. అక్కడ పూడిక తీయవలసింది ముంపు నీరు పోవడానికే, అదీ ఆచితూచి.

కాకినాడ, పుదుచ్చేరి మధ్య కాలువలను 2008లోనే నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు, ఏలూరు కాలువ అందులో భాగమే. అయితే దాని మీద కట్టిన వంతెనల్లో చాలావాటి కింద నుంచి పెద్ద పడవ దూరదు. లాకుల తలుపుల కన్నా ముందు ఆ వంతెనల ఎత్తు చూడాలి.