పెట్టె మీద “గర్భిణులకు ప్రత్యేకం” అని ఉన్న బీపీ మిషన్ కొనబోతున్నవారికి హెచ్చరిక

గర్భంతో ఉండగా రక్తపోటు పెరిగిందని తెలిసి, ఇంట్లో చూసుకోవడానికి ఆన్‌లైన్‌లో బీపీ మిషన్ వెతుకుతున్నవారి కోసం ఇది రాస్తున్నాను. పెట్టె మీద గర్భిణి బొమ్మ ఉన్నా, దాని కింద “గర్భిణులకు ప్రత్యేకం”, “వైద్యపరంగా పరీక్షించినది” అని పెద్ద అక్షరాలతో ఉన్నా, ఆ మిషన్‌ను నిజంగా గర్భిణుల మీద పరీక్షించారని నమ్మకండి. నేను కొన్నది అలాంటిదే. అది నా రక్తపోటును అసలు ఉన్నదానికంటే బాగా తక్కువగా చూపిస్తూ వచ్చింది, ఆ రోజుల్లోనే జబ్బు ముదిరింది. తయారీదారు పేరు రాయడం లేదు. ఇవే మాటలతో అమ్ముడవుతున్న మిషన్లు చాలా ఉన్నాయి కనుక, ఒక పేరు చూసి తప్పించుకున్నవారు ఇంకో పేరుతో అదే సరుకు కొనే ప్రమాదం ఉంది.

ఏడో నెల దాటాక ఆసుపత్రి తనిఖీలో నా బీపీ 140/90 దాటింది. నాలుగు గంటలు ఆగి మళ్లీ చూసినా తగ్గలేదు. అంతకుముందు మామూలుగా ఉండి, 20 వారాల తర్వాత ఇలా పెరిగితే దాన్ని గర్భం వల్ల వచ్చిన రక్తపోటుగా లెక్కిస్తారు. దానికి తోడు మూత్రంలో ప్రోటీన్ పోవడం, కాలేయం, మూత్రపిండాలు, ప్లేట్‌లెట్లు దెబ్బతినడం వంటివి కనిపిస్తే ప్రీఎక్లాంప్సియా అంటారు. డాక్టరు గారు మాత్రలు మొదలుపెట్టి, ఉదయం, సాయంత్రం ఇంట్లో బీపీ చూసి రాసుకోమన్నారు. నేను కొన్న మిషన్ దండ చేతికి పట్టీ కట్టే రకం. అంకెలను ఫోన్‌లోని యాప్‌కు పంపి, పక్కన పచ్చరంగు గుర్తు పెట్టేది. తలనొప్పి మొదలైన రోజున కూడా అది పచ్చగానే ఉంది. తర్వాతి తనిఖీలో నర్సు గారు స్టెతస్కోపు పెట్టి చూస్తే పై అంకె 150 దాటింది, కింది అంకె 100 దగ్గర ఉంది, మూత్రంలో ప్రోటీన్ కూడా కనిపించింది. డాక్టరు గారు నా మిషన్ తెప్పించి, అదే చేతికి, అదే కూర్చునే తీరులో, ఒకసారి ఆసుపత్రి పరికరంతో, ఒకసారి దీనితో మార్చి మార్చి చూశారు. ప్రతిసారీ నా మిషన్ పై అంకెను దాదాపు 20 తక్కువగా చూపించింది. నన్ను వెంటనే ఆసుపత్రిలో చేర్చుకున్నారు. నెలలు నిండకముందే కాన్పు చేయాల్సి వచ్చింది. బిడ్డ, నేను ఇద్దరం క్షేమంగా ఉన్నాం.

ఇది నా చేతికి వచ్చిన ఒక్క మిషన్‌లోని లోపమే అయితే ఇంత రాయవలసిన అవసరం ఉండేది కాదు. ఆటోమేటిక్ మిషన్లు స్టెతస్కోపుతో విన్నట్టు రక్తనాళపు శబ్దాన్ని వినవు. గాలి నింపిన పట్టీలో నాడి వల్ల పుట్టే చిన్న చిన్న కదలికలను పట్టుకుని, వాటి నుంచి పై అంకెను, కింది అంకెను లెక్కకడతాయి. ఆ లెక్క ఏ సూత్రంతో కడతారన్నది తయారీదారు బయటపెట్టడు. మామూలు మనుషుల రక్తనాళాలకు తగినట్టు దిద్దిన సూత్రం ప్రీఎక్లాంప్సియా ఉన్న స్త్రీ దగ్గర తప్పవచ్చు, ఎందుకంటే అప్పుడు నాళాల గోడల బిగువు మారుతుంది, ఒంట్లో నీరు చేరుతుంది. ఇలాంటి మిషన్లలో చాలా వాటికి ప్రీఎక్లాంప్సియాలో బీపీని తక్కువగా చూపే స్వభావం ఉందని వైద్యులకు ఎప్పటి నుంచో తెలుసు. అంటే ఎవరికి కచ్చితమైన అంకె అత్యవసరమో, వారి దగ్గరే ఇవి ఎక్కువగా తప్పుతాయి. అందుకే ఇలాంటి మిషన్‌ను గర్భిణుల మీద, వారిలోనూ ప్రీఎక్లాంప్సియా ఉన్నవారి మీద, విడిగా పరీక్షించాలి.

అమ్మినవారికి ఫిర్యాదు చేసి, ఆ పరీక్ష పత్రం చూపించమని అడిగాను. కొంత ఆలస్యం చేసి ఒక సర్టిఫికెట్ పంపించారు. కొనేవారు అందరికంటే ఎక్కువగా జాగ్రత్త పడవలసింది ఇక్కడే. వారు పంపినది ఐఎస్‌ఓ 13485 పత్రం. వైద్య పరికరాల తయారీలో నాణ్యత పద్ధతులు ఒక క్రమంలో ఉన్నాయని మాత్రమే అది చెబుతుంది. ఆ మిషన్ చూపించే అంకె నిజమా కాదా అన్న దానితో దానికి సంబంధం లేదు. కచ్చితత్వాన్ని మనుషుల మీద పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం వేరే ఉంది, అది ఐఎస్‌ఓ 81060-2. 2018లో సవరించిన ఆ ప్రమాణం ప్రకారం సాధారణ పరీక్షకు కనీసం 85 మంది కావాలి, స్టెతస్కోపు కొలతతో పోలిస్తే మిషన్ సగటు తేడా 5 మిల్లీమీటర్ల పాదరసానికి (బీపీ అంకెలను లెక్కించే కొలమానం ఇదే) మించకూడదు. గర్భిణులను అది ప్రత్యేక వర్గంగా చూస్తుంది, కాబట్టి మామూలు పరీక్షలో నెగ్గిన మిషన్ కూడా గర్భిణులకు పనికివస్తుందని దానంతట అదే రుజువైనట్టు కాదు. ఈ తేడా వివరించి మళ్లీ అడిగితే, “మా వద్ద ఉన్న పత్రాలు ఇవే” అని జవాబు వచ్చింది. వెనక్కి తీసుకునే గడువు అప్పటికే దాటిపోయిందని డబ్బు కూడా తిరిగి ఇవ్వలేదు. పత్రంలో లేని మాటను పెట్టె మీద అచ్చు వేసి అమ్మడం ఒక తల్లి ప్రాణంతో ఆడుకోవడమేనని నేను బలంగా అనుకుంటున్నాను.

చేతి పట్టీ కొలత గురించి కూడా ఆ పెట్టెలో సరైన సమాచారం లేదు. “అన్ని చేతులకూ సరిపోతుంది” అని ఒకటే పట్టీ ఇచ్చారు. పట్టీ లోపలి గాలి సంచి పొడవు దండ చేతి చుట్టుకొలతలో 80 నుంచి 100 శాతం ఉండాలి. పట్టీ చిన్నదైతే బీపీ ఎక్కువగా, పెద్దదైతే తక్కువగా కనిపిస్తుంది. అతి పెద్ద పట్టీ అవసరమైనవారికి మామూలు పట్టీ కడితే పై అంకె సగటున దాదాపు 20 ఎక్కువగా వస్తుందని 2023లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం చూపించింది. భుజానికి, మోచేతికి మధ్య భాగాన్ని టేపుతో కొలిచి, ఆ కొలత పట్టీ మీద ముద్రించిన హద్దుల్లో ఉందో లేదో చూడకుండా కొనవద్దు. మణికట్టుకు కట్టే రకాలను, చేతి గడియారాలను ఈ అవసరానికి అసలు లెక్కలోకి తీసుకోకండి.

ఇంకొక సంగతి. మిషన్‌తో వచ్చిన కాగితంలో “గర్భిణులు ఎడమ పక్కకు ఒరిగి పడుకుని చూసుకోవచ్చు” అని రాసి ఉంది. అలా పడుకుని పైన ఉన్న కుడి చేతికి పట్టీ కడితే, చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉండటం వల్ల అంకె ఉన్నదానికంటే తక్కువగా వస్తుంది. వీపుకు ఆనింపు పెట్టుకుని, పాదాలు నేలకు ఆనించి, చేతిని గుండె ఎత్తులో బల్ల మీద ఉంచి, అయిదు నిమిషాలు మౌనంగా కూర్చున్నాకే చూడాలి. నిమిషం ఆగి రెండోసారి కూడా చూడాలి.

కాన్పు తర్వాత జరిగిన దాన్ని కూడా అంతే గట్టిగా చెప్పాలి. బిడ్డ పుట్టగానే బీపీ దానంతట అదే దిగిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి కాన్పు తర్వాత మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్యలో అది మళ్లీ పెరగడం మామూలే, గుర్రపువాతం (ఎక్లాంప్సియా) మూర్ఛలు, పక్షవాతం ఆ రోజుల్లోనూ రావచ్చు. ఈ మిషన్‌తో వచ్చిన యాప్ మాత్రం కాన్పు తేదీ నమోదు చేయగానే “మీ గర్భకాలపు పర్యవేక్షణ పూర్తయింది” అని అభినందనలు తెలిపి, రోజువారీ గుర్తుచేతలను ఆపేసింది. నేను అప్పటికే వేరే మిషన్‌కు మారి ఉండబట్టి నాకు నష్టం జరగలేదు, కానీ దాన్నే నమ్ముకున్న బాలింత ఏమవుతుంది? ఆక్స్‌ఫర్డ్‌లో 220 మంది తల్లులతో జరిగి, 2023లో ఫలితాలు వెలువడిన పరిశోధనలో, కాన్పు తర్వాతి వారాల్లో ఇంట్లో బీపీ చూసుకుంటూ వైద్యుల సలహాతో మందుల మోతాదు సరిచేసుకున్నవారికి, తొమ్మిది నెలల తర్వాత కూడా 24 గంటల సగటు కింది అంకె మిగతావారికంటే దాదాపు 6 తక్కువగా ఉంది. అంటే ఆ కొద్ది వారాల్లో నిజమైన అంకె చేతిలో ఉండటం వల్ల కలిగే మేలు చాలా కాలం నిలుస్తుంది. సరిగ్గా ఆ వారాల్లోనే యాప్ నోరు మూసుకుంది.

అదే యాప్‌లో “హృదయ ఆరోగ్య స్కోరు” అని ఒక భాగం ఉంది. వయసు, బరువు, పొగతాగే అలవాటు, చక్కెర వ్యాధి గురించి అడిగి, నా గుండెకు ముప్పు చాలా తక్కువ అని చెప్పింది. గర్భంలో బీపీ వచ్చిందా అని ఒక్కసారి కూడా అడగలేదు, ఆ సంగతి అదే యాప్‌లో నెలల తరబడి నమోదై ఉన్నా! 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ 30 లక్షలకు పైగా స్త్రీల సమాచారాన్ని పరిశీలించి, ప్రీఎక్లాంప్సియా వచ్చినవారికి తర్వాతి సంవత్సరాల్లో శాశ్వత రక్తపోటు వచ్చే అవకాశం దాదాపు 3.7 రెట్లు, గుండె రక్తనాళాల జబ్బు 2 రెట్లకు పైగా, పక్షవాతం 1.8 రెట్లు ఉంటుందని తేల్చింది. 2011లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ స్త్రీల మార్గదర్శకాల్లో దీన్ని గుండె జబ్బుకు ముప్పు కారణాల్లో చేర్చింది. చిన్న వయసులో ఉన్న తల్లికి ఈ రెట్లు అంటే రేపే ఏదో జరుగుతుందని కాదు. బీపీ, చక్కెర, కొలెస్ట్రాల్ పరీక్షలు ఏటా చేయించుకోవాలని, గర్భకాలపు రికార్డులు దాచిపెట్టుకుని ప్రతి కొత్త డాక్టరుకూ ఆ సంగతి చెప్పాలని అర్థం. దానికి బదులు ఒక పచ్చరంగు స్కోరు “మీరు క్షేమం” అని చెబితే, పరీక్షలకు వెళ్లవలసిన మనిషి ఇంట్లోనే ఉండిపోతుంది.

కొనే ముందు మోడల్ సంఖ్యను స్ట్రైడ్ బీపీ జాబితాలో వెతకండి. అంతర్జాతీయ రక్తపోటు నిపుణుల సంఘాలు కలిసి నడిపే ఆ జాబితా ఉచితంగా దొరుకుతుంది, గర్భిణుల మీద పరీక్షించిన మిషన్లు అందులో విడిగా ఉంటాయి. బ్రాండు పేరు కలిస్తే చాలదు, మోడల్ సంఖ్య అక్షరం పొల్లుపోకుండా కలవాలి. అందులో ఉన్నదే కొన్నా, మొదటి తనిఖీకి దాన్ని వెంట తీసుకువెళ్లి ఆసుపత్రి పరికరంతో పోల్చి చూపించమని అడగండి. తనిఖీలు మాత్రం మానవద్దు. ముప్పు ఎక్కువగా ఉన్న గర్భిణులు ఇంట్లో చూసుకోవడం వల్ల బీపీ పెరుగుదల, అలా చూసుకోనివారి కంటే ముందుగా ఆసుపత్రిలో బయటపడలేదని 2022లో ప్రచురితమైన ఒక పెద్ద బ్రిటన్ అధ్యయనంలో తేలింది కనుక, మంచి మిషన్ కూడా డాక్టరుకు బదులు కాదు.

ఇలాంటి మిషన్ ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే, ఆసుపత్రిలో పోల్చి చూసేదాకా అది చూపే మామూలు అంకెను నమ్మకండి. ఎక్కువ అంకె చూపిస్తే మాత్రం దాన్ని కొట్టిపారేయకండి. 160/110 గానీ అంతకు మించి గానీ కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అలాగే విడవని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, కుడి డొక్క పైభాగంలో నొప్పి, ఆయాసం, ముఖంలో హఠాత్తుగా వాపు, వీటిలో ఏ ఒక్కటి వచ్చినా, మిషన్ ఏమి చూపిస్తున్నదీ పట్టించుకోకుండా వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి. కాన్పు అయి ఆరు వారాలు దాటనివారికి కూడా ఇదే వర్తిస్తుంది.