ఎర బుట్టా, ఎర సంచా: ఒడ్డు నుంచి గాలం వేసేవారికి ఏది మేలు?

సముద్రం ఒడ్డున గాలం వేసేవారు కలిస్తే చాలు, నన్ను అడిగేది ఒకటే. చేపలను రప్పించడానికి దారం చివర ఎర బుట్ట, అంటే మేత కూరే చిన్న గూడు కట్టి విసరాలా, లేక మేత నింపిన ఎర సంచిని కాళ్ల దగ్గర నీటిలో వేలాడదీస్తే సరిపోతుందా? కొన్నేళ్లుగా రెండూ వాడుతున్నాను. రెండింటిలోనూ నేను వేసే మేత ఒకటే: చితక్కొట్టిన నూనె కవళ్లు, రొయ్యల తలలు, కాస్త తవుడు. కాబట్టి మేత మంచిదా కాదా అన్న చర్చ ఇక్కడ అక్కర్లేదు. ఆ వాసన నీటిలో ఏ దారిన పోతోంది, నా గాలం ఆ దారిలో ఉందా లేదా, ఈ రెండే నేను చూసుకుంటాను.

ఇది నాకు తలకెక్కింది ఒక రాళ్ల కట్ట మీద. నేనూ ఒక మిత్రుడూ రెండు గంటలు కూర్చున్నాం. సంచి మా కాళ్ల కింద, గాలాలు అరవై గజాల అవతల. ఒక్క కుదుపు లేదు. సంచి మళ్లీ నింపుదామని తాడు పట్టుకుని కిందికి చూస్తే, దాని చుట్టూ కొయ్యింగలు మూతులు ఆనించి తిరుగుతున్నాయి. నీరు కట్ట వెంబడి పక్కకు పారుతోంది, వాసన ఒడ్డును వదలకుండా దానితోపాటే పోతోంది. చేపలను భోజనానికి పిలిచి, విస్తరి పక్కింట్లో వేశామన్నమాట. దూరపు దారాలు చుట్టేసి, చిన్న గాలానికి బెండు కట్టి మూడు బారల దూరంలో వదిలాక గానీ చేప పడలేదు.

ఎర బుట్టతో ఈ చిక్కు లేదు. గాలం ఎక్కడ పడితే వాసన అక్కడే మొదలవుతుంది. బుట్టకూ గాలానికీ మధ్య రెండు మూడు జానల దారం ఉంచితే, నీటి ఒరవడే ఆ దారాన్ని దిగువకు చాచి, ఎరను సరిగ్గా వాసన దారిలో పడుకోబెడుతుంది. ఇసుక తీరంలోనైతే అసలు ఎంచుకోవడానికి ఏమీ లేదు. సంచిని కట్టడానికి అక్కడ రాయి లేదు, గుంజ లేదు. నీటిలో వదిలితే మూడో అలకు అదే వచ్చి మన కాళ్ల మీద పడుతుంది.

అలాగని బుట్ట ఊరికే పని చేయదు. ఉత్త సీసం గాలిని చీల్చుకుపోతే, బుట్ట పల్టీలు కొడుతూ పోతుంది. విసురు దూరం బాగా తగ్గుతుంది. బరువు సంగతి ఇంకా ముఖ్యం. 150 గ్రాముల వరకు విసరగల గాలపు కర్రకు 110 గ్రాముల సీసం కట్టి, పైన 60 గ్రాముల తడి మేత కూరితే ఏమవుతుంది? సీసాన్ని లెక్కపెట్టి మేతను మరిచిపోయేవాళ్లే ఎక్కువ. నింపిన బుట్టను ఒక్కసారి తూచి చూసుకోండి, కర్ర ప్రాణం నిలుస్తుంది. మెత్తటి మేత గాలిలోనే చెదిరిపోతుందన్న ఫిర్యాదుకు నా మందు ఫ్రీజరు. ముందు రాత్రే మేతను బుట్ట కొలతకు గడ్డకట్టిస్తాను. ఆ గడ్డ విసురుకు విరగదు, అడుగుకు చేరాక నెమ్మదిగా కరుగుతూ వాసన వదులుతుంది.

నూనె మాటకొస్తే, చేప నూనె ఎంత పోస్తే అన్ని చేపలు వస్తాయనుకుంటారు. నూనె నీటికంటే తేలిక, పైకి తేలిపోతుంది. పైన మెరిసే ఆ తెట్టును చూసి మనకు సంతృప్తి కలుగుతుంది గానీ, అడుగున మేసే చేపకు దానితో పనేమిటి? నీటిలో కరిగే నెత్తురు, మాంసపు రసమే అడుగున దారి చూపుతాయి. అందుకే బుట్టలో నూనె తగ్గించి రొయ్య తలలు పెంచుతాను. పైపైన తిరిగే చేపల కోసం సంచి కట్టినప్పుడు మాత్రం ధారాళంగా పోస్తాను.

బుట్ట మనిషిని కూర్చోనివ్వదు కూడా. ఒరవడి బాగా ఉంటే పది పదిహేను నిమిషాలకోసారి లాగి నింపాలి, మళ్లీ అదే చోట వేయాలి. తలో దిక్కునా వేస్తే పది చిన్న వాసనలు పుడతాయి తప్ప ఒక దారి ఏర్పడదు. దూరం గుర్తుకు దారం మీద రంగు నూలు ముడి వేసుకుంటే చాలు. అదే దూరం కోసం రీలు క్లిప్పులో దారం ఇరికించి ఉంచితే పెద్ద చేప పరుగు తీసిన రోజున తెగి ఊరుకుంటుంది. ఇక పీతలు. బుట్ట పిలుపు అందరికంటే ముందు వాటికే వినిపిస్తుంది. గాలం దగ్గర చిన్న బెండు పూస పెట్టి ఎరను అడుగు నుంచి జానెడు లేపితే కొంత నయం.

సంచి గెలిచే చోట్లు లేకపోలేదు. లోతైన నీరు కాళ్ల దగ్గరే ఉన్న రాళ్లు, జెట్టీలు. అల ఎక్కినప్పుడు మునిగి, దిగినప్పుడు తేలే ఎత్తులో కడితే, సముద్రమే దాన్ని పిండుతూ ఉంటుంది. విసురుకు అడ్డు ఉండదు. కానీ ఆటుపోట్లను బట్టి తాడు సరిచేయాలి. ఒకసారి పాటు మొదలైందని మరిచిపోయి కబుర్లలో పడ్డాను. తలెత్తి చూసేసరికి సంచి గాలిలో వేలాడుతోంది, కాకులు పండగ చేసుకుంటున్నాయి.

మేత నింపి గాలంతోపాటు విసిరే, నీటిలో కరిగే సంచులంటారా, చేతులు పొడిగా ఉంటే మంచివే. తుంపరలో ఎవరి చేతులు పొడిగా ఉంటాయి? మేత ఉండలు చేత్తో విసరడం దగ్గరి నీటికి సరే.

ఇంకా తేల్చుకోలేకపోతే, కర్ర బిగించే ముందు తడిపిన తవుడు గుప్పెడు నీటిలో వేసి, మునుగుతూ ఎటు పోతుందో చూడండి. మీరు గాలం వేయదలచిన వైపుకు పోతే సంచి కట్టండి. ఒడ్డు వెంబడి పక్కకు జారుకుంటే బుట్ట తీయండి. నాకు చాలాసార్లు పక్కకే జారింది.