కెమెరా పనికి ఫుల్ మార్కులు, సెపరేటర్ దగ్గరే తేడా కొట్టింది

మా రైలు వ్యాగన్ల రిపేర్ షెడ్‌లో వాన నీటి లైన్లు, మురుగు లైన్లు బాగుచేసిన కాంట్రాక్టర్ గురించి రాస్తున్నా. పేరు మాత్రం రాయను, ఇంకా కొంత పని బాకీ ఉంది, ఇప్పుడే గొడవెందుకు.

ఇంతకు ముందు గట్టి వాన పడిందంటే మురుగు మ్యాన్‌హోల్ మూత లేచేది, పిట్ లైన్‌లో (వ్యాగన్ల అడుగుభాగం చూడ్డానికి పట్టాల మధ్య ఉండే గొయ్యి) మోకాలి లోతు నీళ్లు, వాటి మీద గ్రీజు తెట్టు. ఎవర్ని పిలిచినా "పైపు చిన్నదండీ, పెద్దది వేయించండి" అనేవాళ్లే. వీళ్లు మాత్రం ముందు జెట్టింగ్ మిషన్‌తో లైన్లన్నీ కడిగి, కెమెరా దింపి, ఆ తర్వాత మురుగు లైన్లోకి పొగ వదిలారు. ఆ పొగ ఎక్కడ తేలిందో తెలుసా? షెడ్ కప్పు మీది నీళ్లు దిగే గొట్టం పై కొసలోంచి! కింద పనిచేస్తున్న వెల్డర్లు ఎక్కడో అంటుకుందని పరుగులు (నోటీసు గేటు దగ్గర ఒక్కచోటే అంటించారు, అది వీళ్ల తప్పే). అంటే అంత పెద్ద కప్పు మీద పడ్డ వానంతా ఇన్నేళ్లూ మురుగు పైపులోకే దిగుతోందన్నమాట, ఇక మూత లేవక ఏం చేస్తుంది. వ్యాగన్లు కడిగే చోట జాలీలో ఆకుపచ్చ రంగు పోస్తే అది బయటి వాన కాలువలో కనిపించింది. ఒకటి అటు, ఒకటి ఇటు, రెండూ తారుమారు. ఇది పట్టుకున్నందుకే వీళ్లకి సగం మార్కులు ఇచ్చేయొచ్చు.

పగుళ్లిచ్చిన పాత స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) పైపులకి తవ్వకుండానే లోపల లైనింగ్ వేశారు. రెజిన్‌లో నానబెట్టిన గుడ్డ గొట్టాన్ని లోపలికి తిరగేస్తూ పంపి, ఆవిరితో గట్టిపరుస్తారు. లోపలి కొలత కొద్దిగా తగ్గినా నున్నగా ఉంటుంది కాబట్టి పారుదలకి ఢోకా లేదు. ఒకచోట పైపు కుంగి ఉంటే "లైనింగ్ ఆ కుంగుని సరిచేయదు, అలాగే వంగి కూర్చుంటుంది, ఇక్కడ తవ్వాల్సిందే" అని వాళ్లే చెప్పారు, నచ్చింది. కాకపోతే లైనింగ్ వేస్తే మూసుకుపోయే పక్క కనెక్షన్లని తర్వాత రోబో కట్టర్‌తో తెరవాలి కదా, ఒకటి మర్చిపోయారు. అది సూపర్‌వైజర్ గది టాయిలెట్‌ది. మిగతా కథ మీరే ఊహించుకోండి.

పట్టాల కింద దాటించిన చోట ఓపెన్‌గా తవ్వలేదు. లైన్ బ్లాక్ తీసుకుని (అంటే ఆ పట్టాల మీద కాసేపు రాకపోకలు ఆపించి), స్టీల్ గొట్టాన్ని జాకీలతో నెట్టి, దానిలోంచి పైపు లాగారు, నెడుతున్నంతసేపూ పట్టాల లెవెల్ చూస్తూనే ఉన్నారు. మనిషి మ్యాన్‌హోల్‌లోకి దిగే ముందు గ్యాస్ మీటర్ దించడం, ట్రైపాడ్, తాడు ఏ రోజూ ఎగ్గొట్టలేదు.

ఇక అసలు కంప్లైంట్. నూనెని వేరుచేసే సెపరేటర్ కొత్తది, ప్లేట్లున్న రకం, మంచిదే. కానీ దానికి ముందు పంపు పెట్టారు! నూనె చుక్కలు పెద్దగా ఉంటేనే తొందరగా పైకి తేలతాయి. పంపు ఇంపెల్లర్ (లోపల తిరిగే రెక్కల చక్రం) వాటిని మజ్జిగ చిలికినట్టు చిలికి పంపిస్తే ప్లేట్లు ఏం పట్టుకుంటాయి? దానికి తోడు మేం వాడే సబ్బు ఏదని ఒక్కరు కూడా అడగలేదు. నురగ బాగా వచ్చే ఆ డిటర్జెంట్ నూనెని నీళ్లలో కలిపేసి అసలు విడనివ్వదు. మేం దాన్ని మార్చి, నూనెని త్వరగా వదిలే రకం తెచ్చుకున్నాం, సగం తేడా అక్కడే వచ్చింది. పంపుని సెపరేటర్ తర్వాతికి మారుస్తామని వీళ్లు ఒప్పుకున్నారు, దానికి చాంబర్ ఎత్తులు కూడా మార్చాలట.

ఐదుకి మూడున్నర. మొన్నటి వానకి మూత కదల్లేదు, పిట్‌లో నీళ్లు నిలవలేదు. చివరి చాంబర్‌లోకి టార్చి వేసి చూస్తే మాత్రం నీటి మీద రంగురంగుల పొర ఇంకా ఆడుతూనే ఉంది.